భుజం మీద మచ్చ – కాలవలో నీళ్లు

మన ఎడమ భుజం మీది చిన్న మచ్చ బి.సి.జి. టీకా గుర్తని అందరికీ తెలుసు. అందులోని 'సి' ఒక మనిషి పేరు. ఆయనే ఆల్బర్ట్ కాల్మెట్. క్షయకు టీకా కనిపెట్టినవాడిగా లోకం ఆయన్ని ఎరుగును. మురుగునీటితో ఆయన పడ్డ పాట్లు మాత్రం చాలామందికి తెలియవు.

1863లో ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో పుట్టాడు. నౌకాదళంలో డాక్టరుగా చేరి, 1891లో సైగాన్‌లో పాశ్చర్ సంస్థను నెలకొల్పాడు. పాము విషానికి విరుగుడు సీరం కోసం పరిశోధన మొదలెట్టింది అక్కడే. బియ్యంతో సారా తీసేవాళ్లు వాడే బూజును పరీక్షించిందీ అక్కడే.

1895లో లీల్ నగరపు పాశ్చర్ సంస్థకు డైరెక్టరయ్యాడు. ఆ ప్రాంతమంతా బీట్ పంచదార ఫ్యాక్టరీలు, సారా, బీరు, గంజిపిండి తయారుచేసే కర్మాగారాలు. వాటి కడుగునీళ్లు కాలవల్లో పడి కుళ్లేవి. కుళ్లబెట్టే సూక్ష్మజీవుల చేతనే నీటిని బాగుచేయించవచ్చని కాల్మెట్ నమ్మాడు. 1904లో లీల్ పక్కనే ఉన్న లా మడ్లెన్‌లో ఊరి మురుగునీటి మీద ప్రయోగకేంద్రం కట్టించాడు.

పద్ధతి చూడ్డానికి సులువే. ముందు నీళ్లను తొట్టిలో నిలవబెడతారు. మడ్డి అడుక్కి దిగుతుంది. గాలి అక్కర్లేని జీవులు దాన్ని కరిగిస్తాయి. తర్వాత నీళ్లను చిట్టెపు ముక్కల మడుల్లోకి వదులుతారు. ముక్కలకు పట్టిన జిగురుపొరలోని జీవులు గాలి పీల్చుకుంటూ మలినాన్ని తినేస్తాయి. అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది – మన పైరుకు బలమిచ్చే నైట్రేటే! మడిని తీరిక లేకుండా వాడితే గాలాడక చెడుతుంది. పంచదార, గంజి కలిసిన నీళ్లయితే ఇంకా చిక్కు. అవి త్వరగా పులుస్తాయి, పులుపుకి జీవులు పనిచెయ్యవు. సున్నం కలిపి పులుపు విరగ్గొట్టాలి. ఈ పరిశోధనలను కాల్మెట్ బృందం 1905 నుంచి సంపుటాలుగా ప్రచురించింది.

మరోపక్క పశువైద్యుడు గెరాన్‌తో కలిసి, పశువుల క్షయక్రిమిని 1908 నుంచి 1921 దాకా 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని కోర తీసేశాడు. అదే బి.సి.జి. 1933లో పారిస్‌లో కన్నుమూశాడు.

మా ఊరి పక్కన ఒక పంచదార ఫ్యాక్టరీ ఉంది. చెరుకాడే రోజుల్లో కాలవ నల్లబడుతుంది, చేపలు తేలతాయి, గేదెలు మూతి పెట్టవు. మా నాన్న అదే నీళ్లు చేలో పెట్టుకోవాలి. ఆ చెరుకు మేం పండించిందే, కాబట్టి ఫ్యాక్టరీ వద్దనలేం. నీళ్లు బాగుచేసే విద్య పుట్టి నూరేళ్లు దాటింది. కాల్మెట్ టీకా మా ఊళ్లో అందరి భుజాలకూ చేరింది, ఆయన మడులు మాత్రం మా కాలవ దాకా రాలేదు. రేపు మనలో కొందరం అలాంటి ఫ్యాక్టరీల్లోనే కెమిస్టులమవుతాం. ఆనాడు భుజం మీది మచ్చ ఒకసారి తడుముకుందాం.

– ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి