వృత్తివిద్యోద్ధారకుడు బుకర్ వాషింగ్టన్

ఏటేట మన మహాసభలయందు రెండు కోరికలు వినవచ్చుచుండును. మన బిడ్డలకు చదువులును కొలువులును కావలెనని యొకటి. మన చేతివృత్తులు నశింపక నిలువవలెనని రెండవది. ఈ రెంటిలో నేది ముందు, ఏది వెనుక యని వాదములు చెలరేగుటయు, భోజనముల గంట మ్రోగగానే యవి చల్లారుటయు మన మెఱిగినదే. ఈ చిక్కును జీవితమంతయు మోసి, దానికి తన చేతులతో నొక సమాధానమును కట్టి చూపి, ఆ సమాధానమునందలి కొఱతను సయితము తానే యనుభవించిన యొక మహాపురుషుని చరిత్రమును పాఠకమహాశయుల కర్పించుచున్నాము. ఆయన మన దేశమువాడు కాడు, మన కులమువాడును కాడు. అయినను ఆయన కథ చదివినవారికి తమ యింటి కథ చదివినట్లే తోచును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా సీమయందు, హేల్స్‌ఫర్డ్ అను పల్లెకు చేరువనున్న యొక కమతముమీద 1856వ సంవత్సరమున బుకర్ జన్మించెను. తల్లి పేరు జేన్. ఆమె యా కమతమున వంటలక్క. ఉన్నమాట చెప్పవలెనన్న, క్రయవిక్రయములకు లోనైన బానిస. తండ్రి యెవరో బాలు డెఱుగడు. తెల్లజాతివాడని మాత్రము వినికిడి. మట్టినేల గల యొంటిగది గుడిసెయే యిల్లు, చింకిపాతలే పడక. యజమానుని కొమార్తెల పుస్తకములను మోసికొని బడివాకిలి వఱకు పోవుటయే గాని లోన నడుగిడుటకు వలను లేదు. 1865లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము తొలగిన పిమ్మట, తల్లి బిడ్డలతో పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ అను నూరికి, తన భర్త పనిచేయుచున్న యుప్పుకొలుములకడకు చేరెను. తొమ్మిదేండ్ల బుకర్ తెల్లవాఱకముందే లేచి కూలిపని చేసి, పిదప బడికి పరుగెత్తుచుండెను.

బడిలో పేరు చెప్పవలసిన దినమున తక్కిన పిల్లలకెల్ల రెండేసి పేర్లుండుట గమనించి, తనకు ఒంటిపేరే యున్నందున, ఉపాధ్యాయు డడుగగానే బుకర్ వాషింగ్టన్ అని తానే కల్పించి చెప్పెను. తండ్రి గోత్ర మెఱుగక, తల్లి పేరితోనే గురుసన్నిధికి జని నిజము పలికిన సత్యకామ జాబాలుని కథను ఛాందోగ్యమున చదివిన మావంటివారికి ఈ ఘట్టము హృదయమును కరగించును. ఆ సత్యకామునకు గురువు తొలుత నప్పగించినది వేదపాఠము కాదు; బక్కచిక్కిన నాలుగువందల గోవులను. బుకర్ విద్యాభ్యాసమునకును అట్టి పరీక్షయే ద్వారమయ్యెను.

హాంప్టన్ అనుచోట జనరల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను పుణ్యాత్ముడు నల్లజాతి యువకులకొఱకు 1868లో నొక విద్యాలయము స్థాపించెను. అచట పేదవారు పనిచేసికొనుచు చదువుకొనవచ్చునని బొగ్గుగనిలో నెవరో చెప్పుకొనుచుండగా బుకర్ వినెను. 1872లో, పదునాఱేండ్ల ప్రాయమున, సుమారు 500 మైళ్ల పయనమునకు బయలుదేఱెను. కొంతదూరము బండ్లమీదను, కొంతదూరము కాలినడకను పోయి, రిచ్‌మండ్ నగరమున చేత కాసు లేక బాటప్రక్కనున్న చెక్కల కాలిబాట క్రింద రాత్రులు గడపి, పగలు ఓడలోని యినుము దింపి కూలి సంపాదించి, తుదకు హాంప్టన్ చేరెను. మాసిన బట్టలతో వచ్చిన యా బాలుని చేర్చుకొనుటయా మానుటయా యని సందేహించిన యుపాధ్యాయిని యొక గదిని చిమ్ముమని చీపురు చేతికిచ్చెను. అతడు ముమ్మాఱు చిమ్మి, నాలుగుమాఱులు తుడిచెను. ఆమె తన రుమాలుతో గోడలను బల్లలను రుద్ది చూడగా దుమ్ము కానరాలేదు. అదియే ప్రవేశపరీక్ష. విద్యాలయమున ఊడ్చుపని చేసికొనుచు 1875లో బుకర్ పట్టము పొందెను.

ఇక నాయన కర్మక్షేత్రమగు టస్కీగీ కథ. అలబామా రాష్ట్రమున మేకన్ మండలములో టస్కీగీ యను చిన్నపట్టణము కలదు. అచట లూయిస్ ఆడమ్స్ అను నల్లజాతివాడొకడు వసించుచుండెను. ఇతడు పుట్టుబానిస, బడిముఖ మెఱుగడు. అయినను చెప్పులు కుట్టుట, గుఱ్ఱపుజీనులు చేయుట, రేకుపని యను మూడు వృత్తులయందు దిట్టయై, చదువ వ్రాయ నేర్చి, తనవారిలో పెద్దమనిషిగా నుండెను. 1880లో శాసనసభకు నిలబడిన తెల్లజాతి యభ్యర్థి యొకడు నల్లవారి వోట్లకై ఇతని నాశ్రయింపగా, ఆడమ్స్ తనకొఱకు ధనము గాని యుద్యోగము గాని కోరక, తన జాతి బిడ్డలకొక పాఠశాల నడిగెను. మాట నిలిచెను. ఏటికి 2,000 డాలర్ల జీతముల గ్రాంటు మంజూరయ్యెను. ఒకప్పుడు బానిసల యజమానియైన జార్జి కాంబెల్ అను వర్తకుడును, ఒకప్పటి బానిసయైన ఆడమ్స్‌ను కలిసి ప్రధానోపాధ్యాయునికొఱకు హాంప్టనుకు వ్రాసిరి. తెల్లవాడే కావలెనని వారి తలపు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాషింగ్టనును పంపెను. అప్పటికాయనకు ఇరువదియైదేండ్లు. వచ్చి చూడగా గ్రాంటు జీతములకే గాని స్థలము లేదు, కట్టడము లేదు. 1881 జూలై 4వ తేదీన ఒక చర్చిప్రక్కనున్న పాతపాకలో ముప్పదిమంది విద్యార్థులతో పాఠశాల మొదలయ్యెను. వాన కురిసినపుడు ఒక విద్యార్థి లేచి గురువునెత్తిన గొడుగు పట్టవలసివచ్చెడిది.

కొలదినెలలలోనే హాంప్టన్ కోశాధికారి తన సొంతధనము 250 డాలర్లు బదులిచ్చెను. దానితో 500 డాలర్ల వెలగల నూఱెకరముల పాడుపడ్డ కమతమునకు బయానా పడెను. మిగిలిన ధనమునకై ఒలీవియా డేవిడ్‌సన్ అను నుపాధ్యాయిని, తరువాత నాయన ధర్మపత్నియైన సాధ్వి, ఇంటింటికి తిరిగి విందులు సంతలు జరిపి చందాలు పోగుచేసెను. ఊరిలోని తెల్లవారును నల్లవారును తోచినది యిచ్చిరి. ముదుసలి యొకతె చింకిబట్టలతో నూతకఱ్ఱ పట్టుకొని వచ్చి, తనయొద్దనున్న యాఱు కోడిగ్రుడ్ల నర్పించెను. ఆ గ్రుడ్లను మించి తన హృదయమును తాకిన కానుక లేదని వాషింగ్టన్ తన స్వీయచరిత్రమున చెప్పుకొనెను.

విద్యార్థులకు మాత్రము ఈ నేలపని రుచింపలేదు. చదువుకొనుటయన్న చేతిపని తప్పించుకొనుటయే యని వారి తలంపు. వాషింగ్టన్ వారికి ఉపన్యాస మీయలేదు. తానే గొడ్డలి భుజాన వేసికొని అడవి నఱకుటకు ముందు నడచెను. గురువు గొడ్డలి పట్టిన పిదప శిష్యులు చేతులు ముడుచుకొని యుండగలరా?

కట్టడములకు ఇటుకలు కావలసెను. ఆ యూరిలో ఇటుకలబట్టీ లేదు. విద్యార్థులు మోకాలిలోతు బురదలో దిగి యిటుకలు కోసిరి. సుమారు 25,000 ఇటుకలు పేర్చి కాల్చిన మొదటి బట్టీ చెడెను. రెండవదియు చెడెను. మూడవది కాలుట ముగియుచున్న దశలో నర్ధరాత్రమున కూలెను. ఉపాధ్యాయులే ఇక వలదనిరి. అప్పుడాయన మాంట్‌గొమరీ నగరమునకు పోయి తన గడియారమును 15 డాలర్లకు కుదువబెట్టి, ఆ సొమ్ముతో నాలుగవ బట్టీ పెట్టించెను. అది పండెను. గడువు దాటుటచే గడియారము మఱల చేతికి రాలేదు. దానికై యాయన యెన్నడును వగవలేదు. ఇరువదియేండ్లు గడచునప్పటికి ఆ విద్యార్థులే యొక ఋతువులో 12 లక్షల యిటుకలు చేయుచుండిరి.

ఈ యిటుకలవలన జరిగిన మేలు గోడలతో ఆగలేదు. నల్లవారికి చదువు చెప్పిన పనిచేయువారు దొరకరని గొణిగిన తెల్లజాతి పౌరులు, మంచి యిటుక కావలసినపుడు ఈ పాఠశాల వాకిటికే రాసాగిరి. కొనువారికిని అమ్మువారికిని మాట కలిసెను. మాటతో కొంత మర్యాదయు కలిగెను. ఇటుకపని నేర్చిన యువకులు ఇతరగ్రామములకు పోయి పని సంపాదించుకొనిరి. ఇటులే బండ్లుచేయుట, వడ్రంగము, కమ్మరము, ముద్రణము, కుట్టుపని మున్నగు విద్యలు చేరెను. 1896లో వచ్చిన జార్జి వాషింగ్టన్ కార్వర్ అను శాస్త్రజ్ఞుడు వ్యవసాయశాఖకు ప్రాణము పోసెను.

పాఠశాలకు రాలేనివారి గతి యేమి యని యాయన యోచించెను. 1892 మొదలు ఏటేట చుట్టుపట్టుల రైతులను పిలిచి సభ కావించెను. ఆ సభలో పండితుల యుపన్యాసములు లేవు. పంటమీద ముందుగా తీసికొనిన యప్పులెంత, సొంతనేల యెందఱికున్నది, ఒంటిగది యిండ్లెన్ని, బడి యేటికెన్ని నెలలు జరుగును అని రైతులే చెప్పుకొనుట, దాటిన యుపాయమును ఒకరి కొకరు తెలుపుట, ఇంతే. 1906లో కంచరగాడిదలు లాగెడు నొక బండినిండ పనిముట్లను, విత్తనములను, పాలసామగ్రిని నింపి, పల్లెపల్లెకు పంపిరి. పాఠశాలయే రైతు వాకిటికి నడచిపోయెను. 1900లో బోస్టన్ నగరమున నల్లజాతి వర్తకుల సంఘమును స్థాపించెను. ఊరూర దానికి శాఖలు లేచెను. చిన్న యంగడివాడును, బ్యాంకు యజమానియు నొకే వేదికపై తమ వ్యాపారము పెరిగిన తీరును చెప్పుకొనిరి.

ఆయన కడపటి కార్యము అన్నిటికంటె మిన్న. చికాగోలోని కోటీశ్వరుడు జూలియస్ రోజెన్‌వాల్డ్ 1912లో నిచ్చిన ధనములో మిగిలినదానితో అలబామా పల్లెలలో ఆఱు చిన్న బడులు కట్టించెను. నియమమేమన, దాత యంతయు నీయరాదు. ఊరివారు కొంత, ప్రభుత్వము కొంత, దాత కొంత. ధనము లేనివారు కలప తెచ్చిరి, నేల యిచ్చిరి, కాయకష్టము చేసిరి. 1932 నాటికి ఈ పద్ధతిని 15 రాష్ట్రములలో 5,300కు మించిన కట్టడములు లేచెను. లెక్క చూడగా నల్లజాతి పేదలిచ్చినది సుమారు 47 లక్షల డాలర్లు. రోజెన్‌వాల్డ్ నిధి యిచ్చినది సుమారు 43 లక్షలు. మిగిలినదానిలో నధికభాగము ప్రజాధనము. కోటీశ్వరునికంటె కూలివారే యెక్కువ యిచ్చిరన్నమాట. ఈ యంకెలను మన పోషకమహాశయులును, మన సామాన్యసభ్యులును సమానముగ స్మరింపవలెను.

ఇంతవఱకు వెలుగు చెప్పితిమి. నీడను దాచుట చరిత్రకారుని ధర్మము కాదు. 1895లో అట్లాంటా నగరపు ప్రదర్శనమున ఆయన యొక ప్రసిద్ధోపన్యాసము చేసి, రాజకీయ హక్కులకై తొందరపడక పనియందును, నేలయందును, వ్యాపారమునందును ముందు స్థిరపడుడని తనవారికి బోధించెను. తెల్లవారు పొంగిపోయిరి. కాని యా హక్కులు ఎదురుచూడలేదు, జాఱిపోయెను. 1901లో అలబామా నూతన శాసనవ్యవస్థ నల్లవారి వోటును దాదాపు తుడిచివేసెను. ఉరిత్రాళ్ల హింస ఆగలేదు. 1903లో డూబాయిస్ అను మహాపండితుడు తన గ్రంథమున వాషింగ్టనును తీవ్రముగ విమర్శించెను. వోటు లేనివాడు తాను సంపాదించిన యాస్తిని కాపాడుకొనుట యెట్లని యాయన ప్రశ్న. ఆ ప్రశ్నకు వాషింగ్టన్ సరియైన బదులీయలేదు. పైగా తన్ను ప్రతిఘటించినవారిని పత్రికలద్వారమునను, పలుకుబడిచేతను అణచ జూచెను. ఇది యాయన లోపము. ఆయన గతించిన చిరకాలమునకు, ఆయన యుత్తరములవలన వేఱొక సంగతియు బయటపడెను: వోటుహక్కు తొలగించిన శాసనముపై న్యాయస్థానములలో నడచిన వ్యాజ్యములకు ఆయనయే రహస్యముగ ధన మిచ్చుచుండెను. వేదికపై నొక మాట, చాటున నొక చేత. భయముచేతనా, నేర్పుచేతనా యని పండితు లిప్పటికిని వాదింతురు. మండుచున్న యింటిలో బిడ్డల నెత్తుకొని నిలిచినవాని యడుగు తడబడుటను దూరమునుండి నిందించుట మాకు సులభము కాదు. మెచ్చుటయు సులభము కాదు.

మఱియొక కొఱత. ఆయన నేర్పించిన వృత్తులలో కొన్ని యంత్రములరాకతో వెనుకబడెను. బండిచక్రము చేయ నేర్చినవానికి మోటారుబండి వచ్చిన నాడు క్రొత్తవిద్య కావలెను. వృత్తిని కాపాడుట యనగా పాతపనిముట్టును పూజించుట కాదని యిందువలన గ్రహింపవలెను.

1915 నవంబరులో న్యూయార్కు నగరమున నాయన జబ్బుపడెను. వైద్యులు ఆశ లేదనగా, తన నేలమీదనే కన్నుమూయ గోరి, రైలెక్కి టస్కీగీ చేరి, 14వ తేదీన స్వర్గస్థుడయ్యెను. పాకలో ముప్పదిమందితో మొదలైన బడిలో అప్పటికి సుమారు 1,500 విద్యార్థులును, నూఱుకు పైబడిన కట్టడములును ఉండెను. ఆయన దేహమును ఆ విద్యాలయపు నేలలోనే యుంచిరి. 1985లో అది విశ్వవిద్యాలయ మను పేరు వహించెను. దక్షిణాఫ్రికాలో నుండగా మహాత్మాగాంధి 1903లోనే తన పత్రికయందు ఈయన జీవితమును భారతీయుల కాదర్శముగా వ్రాసియుండుట మనము గర్వింపదగిన సంగతి.

తుదకొక మనవి. మేము ఉపాధ్యాయులుగా నున్న కాలమున సంవత్సరారంభమున పిల్లల తండ్రుల వృత్తులను పట్టీలో వ్రాసికొనుచుండెడివారము. మన బాలకులలో పెక్కుమంది తలవంచుకొని వేఱేదియో చెప్పుచుండిరి. ఒక బాలుడు చేతులు వెనుకకు దాచుకొనెను. సెలవులలో తండ్రితో పనిచేయగా నంటిన రంగు ఆ వ్రేళ్లను వదలలేదు. ఆనాడు మేమేమియు ననక తరువాతి పేరు పిలిచితిమి. ఆ మౌనము నేటికిని మమ్ము బాధించుచున్నది. ఆ బాలునికి వేదములు వినిపింపగలిగితిమి గాని, వాని చేతిని పట్టుకొని తరగతికి చూపలేకపోతిమి.

కావున మహాసభవారు వృత్తి ముందా, హక్కు ముందా యని వాదించుట మాని, రెంటిని రెండు చేతులతో పట్టుకొందురుగాక. ఊరివా రొక పాలు, సంఘ మొక పాలు, పోషకు లొక పాలు వేసి, క్రొత్త పనిముట్లతో వృత్తి నేర్పు శాల నొక్క యూర నైనను నెలకొల్పుదురుగాక. మొదటి బట్టీ చెడవచ్చును, మూడవదియు చెడవచ్చును. నాలుగవదానికి గడియారము తాకట్టుపెట్టువాడు మనలో నొక్కడున్న చాలును.

శుభం భూయాత్.