నక్షత్రాల దారిలో మేరీ

మొన్న సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక పుస్తకం ఆర్డర్ పెడదామని చూశాను. మా ఊరి పిన్‌కోడ్‌కి డెలివరీ లేదని వచ్చింది. మా ఊరు పాడేరు దాటి ఇంకా లోపలికి, కొండల మధ్యన ఉంటుంది లెండి. నేను విసుక్కుంటుంటే అరుగు మీద కూర్చున్న తాత నవ్వాడు. ఆయన పాతికేళ్ళు ఆ కొండల్లో టపా సంచి మోసిన మనిషి. ఫస్టియర్‌లో ఎవరైనా అడిగితే తాతది పోస్టాఫీసులో ఉద్యోగం అని చెప్పి ఊరుకునేవాణ్ణి. సంచి మోసేవాడని మాత్రం చెప్పేవాణ్ణి కాదు. ఎందుకో నామోషీ.

హాస్టల్‌కి తిరిగొచ్చాక మేరీ ఫీల్డ్స్ గురించి చదివాను. ఆమె కథ మీకూ చెప్పాలనిపించింది.

మేరీ సుమారు 1832లో అమెరికాలోని టెన్నెసీలో బానిసగా పుట్టింది. బానిసల పుట్టిన రోజులు రాసిపెట్టేవాళ్ళు ఎవరు? అందుకే ఆ సంవత్సరం కూడా అంచనాయే. అంతర్యుద్ధం ముగిసి, 1865లో బానిసత్వం రద్దయ్యేనాటికి ఆమెకి ముప్పై దాటాయి. తర్వాత ఒహాయోలోని టొలీడోలో క్రైస్తవ సన్యాసినుల మఠంలో పనికి కుదిరింది. అక్కడి పెద్దమ్మగారు మదర్ అమడియస్‌తో ఆమెకి మంచి స్నేహం. ఆ పెద్దమ్మగారు మోంటానాలో బడి పెట్టడానికి వెళ్ళి, 1885లో న్యుమోనియాతో మంచాన పడ్డారు. కబురందగానే మేరీ బయల్దేరి వెళ్ళింది, సేవచేసి బతికించుకుంది, ఇక అక్కడే ఉండిపోయింది. సెయింట్ పీటర్స్ మిషన్ అనే ఆ చోట బట్టలుతికింది, కూరగాయలు పండించింది, కోళ్ళు పెంచింది, బండి కట్టి సరుకులు తోలింది.

మనిషి ఆరడుగుల ఎత్తు, కోపిష్ఠి. తోటి పనివాడితో గొడవ తుపాకుల దాకా వెళ్ళేసరికి 1894లో బిషప్ ఆమెని మిషన్ వదిలి పొమ్మన్నాడు. దగ్గర్లోని కాస్కేడ్ ఊళ్ళో హోటల్ పెట్టింది. డబ్బుల్లేని వాళ్ళకీ అన్నం పెట్టేది కాబట్టి అది మూతపడింది.

అప్పుడు దొరికింది టపా పని. ఆ రోజుల్లో అమెరికాలో రైలు వెళ్ళని చోట్లకి టపా చేరవేసే పనిని కాంట్రాక్టుకి ఇచ్చేవారు. 1845లో వచ్చిన చట్టం ప్రకారం బండిలో తెస్తావా, గుర్రం మీద తెస్తావా అని అడగరు. వేగంగా, తప్పకుండా, భద్రంగా చేరుస్తానని హామీ ఇచ్చి, తక్కువకి పాడినవాళ్ళదే దారి. ఈ మూడు మాటలూ ప్రతిసారీ రాయలేక గుమాస్తాలు రిజిస్టర్లో మూడు నక్షత్రం గుర్తులు పెట్టేవారట. మనం సి ప్రోగ్రాముల్లో పాయింటర్‌కి పెట్టే గుర్తే అది! అలా వాటికి స్టార్ రూట్లు అని పేరొచ్చింది.

1895లో, అరవై దాటిన వయసులో, మేరీ ఆ కాంట్రాక్టు సంపాదించింది. స్టార్ రూట్‌లో టపా మోసిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. కాస్కేడ్ నుంచి సెయింట్ పీటర్స్ మిషన్‌కి దారి దాదాపు 25 కిలోమీటర్లు. తనని పొమ్మన్న చోటికే ఉత్తరాలూ పార్సిళ్ళూ పట్టుకుని వెళ్ళడమన్న మాట. పక్కన తుపాకీ, బండికి గుర్రాలు, తోడుగా మోజెస్ అనే కంచర గాడిద. మంచు పేరుకుపోయి బండి కదలకపోతే కాళ్ళకి మంచుబూట్లు కట్టుకుని, సంచి భుజాన వేసుకుని నడిచేది. దారిలో విసిరేసినట్టున్న ఇళ్ళవాళ్ళకి బయటి లోకంతో సంబంధం ఆ సంచి ఒక్కటే. పల్లె ఇళ్ళకి ఉచితంగా టపా అందించే పద్ధతి అమెరికాలో 1896లో గానీ మొదలవలేదు. పార్సిల్ పోస్టు 1913లో వచ్చింది. ఇప్పుడు కంపెనీలన్నీ లాస్ట్ మైల్ సమస్య అని తలపట్టుకుంటున్నాయి కదా, ఆ మైళ్ళని ఆమె ఎనిమిదేళ్ళు, అంటే 1903 దాకా, దాటుతూనే ఉంది.

తర్వాత కాస్కేడ్‌లోనే బట్టలుతికి బతికింది. ఊరి బేస్‌బాల్ జట్టుకి తన పెరట్లో పూసిన పూలు ఇచ్చేది. 1912లో ఆమె ఇల్లు కాలిపోతే ఊరివాళ్ళే మళ్ళీ కట్టించారు. 1914 డిసెంబరులో కన్నుమూసింది. హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్ది మోంటానాయే. 1959లో ఆయన ఒక పత్రికలో ఆమె గురించి వ్యాసం రాశాక బయటివాళ్ళకీ ఆమె పేరు తెలిసింది.

ఆదివారం తాతకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. తుపాకీ గురించి అడుగుతాడనుకున్నా, తోడేళ్ళ గురించి అడుగుతాడనుకున్నా. సంచి తడవకుండా ఎలా చూసుకునేదని అడిగాడు. తనైతే గెడ్డ పొంగినప్పుడు సంచికి గొంగళి చుట్టి, నెత్తిన పెట్టుకుని దాటేవాడట. ఒడ్డుకొచ్చి ముందు సంచి తడిమి చూసుకుని, ఆ తర్వాతే తన చొక్కా పిండుకునేవాడట. ఆ సంచుల్లో మా ఊరికొచ్చిన మనియార్డర్లు, పట్నం వెళ్ళిన కొడుకుల ఉత్తరాలు ఉండేవి. మా నాన్నకి వచ్చిన ఉద్యోగం కాయితం కూడా అలాగే గెడ్డ దాటింది. అది తడిసిపోయి ఉంటే నేనీ కాలేజీలో ఉండేవాణ్ణి కాదేమో.

ఇప్పుడెవరైనా అడిగితే, మా తాత టపా సంచి మోసేవాడని చెబుతున్నాను. రోజుకి పోనూ రానూ పదహారు కిలోమీటర్లు అని కూడా కలిపి చెబుతున్నాను.