చందమామకు రంగులద్దిన వపా

పాత చందమామలు చదివిన వారందరికీ ముఖచిత్రం మీద కనిపించే 'వపా' అనే సంతకం గుర్తుండే ఉంటుంది. ఆయనే వడ్డాది పాపయ్య గారు.

పాపయ్య గారు 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తి గారు డ్రాయింగు మాస్టారు. ఆయనే కొడుక్కి తొలి గురువు. పాపయ్య గారు చిన్ననాడే కుంచె పట్టారు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947లో మద్రాసులో చందమామను ప్రారంభించారు. ఆ పత్రికకు పాపయ్య గారు దశాబ్దాల పాటు ముఖచిత్రాలు వేశారు. రామాయణ, భారత, భాగవత ఘట్టాలు ఆయన రంగుల్లో పిల్లల కళ్ల ముందు నిలిచేవి. ఆ బొమ్మలు ఇతర భాషల చందమామల ద్వారా దేశమంతటా పిల్లలకు చేరాయి. పెద్దలు చదివే 'యువ' మాసపత్రికకు కూడా ఆయన ఎన్నో వర్ణచిత్రాలు వేశారు.

ఇంత పేరు వచ్చినా ఆయన సభలకు, సన్మానాలకు దూరంగానే ఉన్నారు. అనకాపల్లి దగ్గరి కశింకోటలో చాలాకాలం ఉండి, అక్కడి నుంచే బొమ్మలు వేసి పంపేవారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో సైన్సు రికార్డుల్లో చక్కగా బొమ్మలు వేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. బొమ్మలు కూడు పెడతాయా అనే మాట వాళ్లకూ, మాకూ కొత్త కాదు. పాపయ్య గారికి బొమ్మలే బతుకుతెరువు అయ్యాయి. కనుక చదువు మానకుండా, పెన్సిలు వదలకుండా సాగమని వాళ్లను కోరుతున్నాం. మన పుంగనూరు పొట్టి ఆవునూ, హార్సిలీ కొండలనూ మనవాళ్లే గీస్తే చూడాలని మా ఆశ.