బడుల ఇన్‌స్పెక్టరు మాథ్యూ ఆర్నాల్డ్



మాథ్యూ ఆర్నాల్డ్ పేరు కాలేజీలో ఇంగ్లీషు పద్యములు చదివిన మన పిల్లలకు తెలిసినదే. అయితే ఆయన ఇంట పొయ్యి వెలిగించినది కవిత్వము కాదు, బడుల తనిఖీ. 1851 నుండి 1886 వరకు 35 సంవత్సరములు ఆయన ఇంగ్లండులో ప్రభుత్వ స్కూలు ఇన్‌స్పెక్టరుగా తిరిగారు. ఆ సంగతి చెప్పినవారు తక్కువ గనుక ఈ నెల దానినే మీ ముందుంచుచున్నాము.

ఆయన 1822 డిసెంబరు 24న లేల్‌హామ్ అను గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ ఆర్నాల్డ్ రగ్బీ స్కూలుకు పేరుమోసిన ప్రధానోపాధ్యాయుడు. ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి లాన్స్‌డౌన్ ప్రభువు వద్ద కార్యదర్శిగా చేరారు. ఒక జడ్జిగారి కుమార్తె ఫ్రాన్సెస్ లూసీని పెండ్లాడదలచారు, కాని సంసారము నడుపుటకు స్థిరమైన జీతము లేదు. లాన్స్‌డౌన్ ప్రభువు ఇన్‌స్పెక్టరు ఉద్యోగమిప్పించగా ఆ సంవత్సరమే పెండ్లి జరిగినది. అంతేగాని అది ఆయన కోరి ఎంచుకొన్న పని కాదు.

ఆ రోజులలో అక్కడ సర్కారు బడులు లేవు. సంఘములు, సొసైటీలు చందాలతో బడులు నడిపేవి. 1833లో పార్లమెంటు మొదటిసారి 20,000 పౌండ్లు సహాయము మంజూరు చేసినది. ఇచ్చిన సొమ్ము ఏమగుచున్నదో చూచుటకు 1839 నుండి ఇన్‌స్పెక్టర్ల ఏర్పాటు వచ్చినది. ఆంగ్లికన్ బడులను పాదిరీలు, ఇతర ప్రొటెస్టెంటు బడులను పాదిరీలు కానివారు తనిఖీ చేయాలని ఒప్పందము. ఆర్నాల్డ్‌కు వచ్చినవి ఈ రెండవ రకము బడులు. బాప్టిస్టుల పిల్లలు చదువుకొన్న బ్రిటిష్ సొసైటీ బడులు కూడ వాటిలోనివే. ఇవి దూరదూరముగా ఉండుట చేత ఆయన జిల్లా మధ్య ఇంగ్లండంతా పరచుకొన్నది. భార్యాభర్తలు ఊరూరా అద్దె గదులలోనే కాపురముండేవారు. తమ బిడ్డలలో ఒకరు డెర్బీలోని అట్టి గదిలోనే పుట్టినట్టు ఆయనే తరువాత చెప్పుకొన్నారు. వలస బ్రతుకు ఎరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

1859లో ఒక కమీషను ఆయనను ఫ్రాన్సు, హాలెండు, స్విట్జర్లండు బడులు చూచి రమ్మని పంపినది. అక్కడ ప్రభుత్వమే ఊరూరా బడి నిలబెట్టి గురువుకు గౌరవము కల్పించుట ఆయన కన్నులారా చూచారు. తిరిగివచ్చిన కొద్ది కాలమునకే, 1862లో, రాబర్ట్ లో అను మంత్రి కొత్త నిబంధనలు తెచ్చారు. ఆరేళ్లు దాటిన పిల్లవాని హాజరుకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్కలు ఈ మూడింటిలో ఒక్కటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అంతవరకు సర్టిఫికెట్టు ఉన్న ఉపాధ్యాయునికి నేరుగా అందుచుండిన సొమ్ము ఆగి, అంతా మేనేజర్ల చేతికి పోయినది. పింఛను ఆశ కూడ పోయినది. సర్కారు సొమ్ము వృథా కారాదన్నది లో గారి పట్టు. ఆ మాటలో న్యాయము లేదనము.

జీతమిచ్చు ప్రభుత్వమునే ఎదిరించుట సామాన్యమా? ఇంటిలో చిన్న పిల్లలు, చేతిలో ఆ ఉద్యోగమొక్కటే. అయినను ఆర్నాల్డ్ అదే సంవత్సరము ఒక పత్రికలో పేరు పెట్టకుండ ఆ పద్ధతిని ఖండిస్తూ వ్యాసము వ్రాశారు. తరువాత తన వార్షిక నివేదికలలో పేరుతోనే చెప్పారు. పరీక్ష జరుగునది ఏడాది పొడవునా చదివిన పుస్తకములోనే గనుక పిల్లలు దానిని బట్టీ పట్టేవారు. అర్థము తెలియకనే గడగడ చదివేవారు. సొమ్ము రాని చరిత్ర, భూగోళము మూలబడినవి. బీదల బడికి, అనగా సాయము ఎక్కువ కావలసిన చోటికే, కోత ఎక్కువ పడేది. 8 లక్షల పౌండ్లు దాటిన గ్రాంటు కొద్ది సంవత్సరములలో 6 లక్షల 40 వేలకు లోపు దిగినది. ఉపాధ్యాయ శిక్షణకు చేరు యువకులు కూడ తగ్గిపోయారు. ఇన్‌స్పెక్టరు మార్కులు వేసి డబ్బు లెక్కగట్టు గుమాస్తా కాకూడదని, బడినంతటిని చూచి సలహా చెప్పాలని ఆర్నాల్డ్ వాదము. ఆయన స్వంత తనిఖీ అంత నిక్కచ్చిది కాదని తోటివారు కొందరు అనేవారు, అదీ నిజమే కావచ్చును.

1869లో వెలువడిన గ్రంథములో ఆయన మన వంటి నాన్‌కన్‌ఫర్మిస్టులను ఇరుకు మనసువారని గట్టిగా విమర్శించారు. అది మనకు నొప్పి కలిగించునదే. అయినను 1872లో యెషయా 40 నుండి 66 వరకు గల అధ్యాయములను బడి పిల్లలు చదువుకొనునట్లు చిన్న పుస్తకముగా కూర్చినది ఆయనే. 1868లో ఇద్దరు కుమారులను, 1872లో మూడవ వానిని పోగొట్టుకొని కూడ ఆయన పని మానలేదు.

1870లో ఇంగ్లండుకు ప్రాథమిక విద్యా చట్టము తెచ్చిన ఫార్‌స్టర్ ఆయన బావగారే. తమ్ముడు విలియమ్ మన దేశములో పంజాబు విద్యాశాఖ డైరెక్టరుగా ఉండి 1859లో స్వదేశమునకు పోవుచు జిబ్రాల్టరులో చనిపోగా, ఆ నలుగురు బిడ్డలను ఫార్‌స్టర్ దంపతులే పెంచారు.

1886లో పదవీ విరమణ చేసిన ఆర్నాల్డ్, అమెరికా నుండి వచ్చు కుమార్తెను ఎదుర్కొనుటకు లివర్‌పూల్ వెళ్లి, 1888 ఏప్రిల్ 15న అక్కడే గుండె ఆగి మరణించారు. ఆయన పోరాడిన ఆ కోతల పద్ధతి 1890 తరువాతనే అక్కడ సడలి తొలగినది. తెలుగు జిల్లాలున్న మద్రాసు రాజధానిలో కూడ ఎయిడెడ్ ప్రాథమిక బడులకు ఇదే ఫలితాల గ్రాంటు నడిచినది. మన దేశములో దానిని విడిచిపెట్టవలెనని కర్జన్ ప్రభుత్వము తీర్మానించినది 1904లో.