పది మంది ఆడపిల్లలు దొరికితే
(బి.యస్సీ. విద్యార్థిని)

సావనీరుకి ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వాళ్ళు అడిగినప్పుడు కబడ్డీ గురించి రాస్తానని ఒప్పుకున్నాను. ఆడపిల్లలకు ఆటలు ఎందుకు అవసరం అన్న విషయం మీద నాలుగు పేజీలు రాసి, మళ్ళీ చదువుకుని, చింపేశాను. అన్నీ ఉపన్యాసాలే. అంచేత ఒక మనిషి జీవితం రాద్దామని కూర్చున్నాను. ఆవిడ ఏ ఆటలోనూ పతకం తెచ్చిన మనిషి కాదు. శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. కబడ్డీకీ ఆవిడకీ ఏమిటి సంబంధమని మిత్రులు అడగొచ్చు. కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెటూరు. వ్యవసాయమే ఆధారం. పల్లంలో వరి, మెట్టలో గోగు. గోగు కట్టలు చెరువులో ఊరేసి, నార ఒలిచి, ఉతికి ఆరబెట్టే రోజుల్లో ఊరంతా ఆ వాసనే. ఆ వాసన మొదలైందంటే మా అప్ప బడికి పోవడం మానేసిందన్న మాట. అమ్మతో పాటు మోకాల్లోతు నీళ్ళలో నిలబడి నార ఉతికేది. అలా మానేస్తూ, వెళ్తూ పదో తరగతి దాకా వచ్చి ఆగిపోయింది. గురజాడ అప్పారావుగారు చిన్నతనంలో చదువుకున్నది మన చీపురుపల్లిలోనేనని మా తెలుగు మాష్టారు ప్రతి ఏడూ గర్వంగా చెప్పేవారు. చెప్పినప్పుడల్లా మగపిల్లల బల్లల వైపే చూసేవారని నాకొక అనుమానం.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడిలో ఆడపిల్లల కబడ్డీ జట్టు తయారైంది. కల్లాల్లో ఆడి ఆడి మోకాళ్ళు గట్టిపడ్డ పిల్లలం. పక్క మండలంలో పోటీలు, రెండు రాత్రులు అక్కడే ఉండాలి. మగపిల్లల జట్టు వెళ్ళింది. మాతో వచ్చే మేడమ్ లేరు, పడుకోడానికి చోటు లేదు, అందువల్ల మీరు వద్దన్నారు. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, ఆడపిల్లలకు ఆటలేమిటని కూడా అనలేదు. చోటు లేదన్నారు, అంతే. తిడితే ఎదురు చెప్పడానికి వీలుండేది. చోటు లేదంటే ఏం చెబుతాం?

దుర్గాబాయి గారి జీవితంలో సరిగ్గా ఈ మాటే ఒకసారి ఎదురైంది. అది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఘట్టం దగ్గరికి వస్తాను. ముందు మొదటినుంచీ చెప్పాలి.

ఆవిడ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. ఊహ వచ్చాక ఆ కాపురానికి వెళ్ళనని ఆవిడ చెప్పడం, తండ్రీ తమ్ముడూ ఆవిడ పక్షాన నిలబడడం వింత. వంద సంవత్సరాల కిందట ఒక గోదావరి జిల్లా ఇంట్లో ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో, వినడానికి అంతకన్నా పెద్ద గుండె కావాలని నాకనిపిస్తుంది. మా ఊళ్ళో ఈనాటికీ అలాంటి తండ్రుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా నాన్న ఆ లెక్కలోకి వస్తాడో రాడో ఇంకా తేలలేదు.

బడిలో ఇంగ్లీషులో బోధన వచ్చిందని పన్నెండేళ్ళ వయసులో బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకూ ఆడవాళ్ళకూ తానే హిందీ పాఠశాల నడిపారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. ఆ ఊరి దేవదాసీ స్త్రీలకూ, పరదా దాటి బయటికి రాని ముస్లిం స్త్రీలకూ ఆయన మాట వినిపించాలని ఈ పిల్లకు పట్టుదల. నిర్వాహకులు నవ్వుకుని, ఐదు వేల రూపాయల నిధి పోగుచేస్తే చూద్దామన్నారు. ఆ కాలంలో ఐదు వేలంటే ఎంత పొలమో మా తాతని అడిగితే తెలిసేది, ఆయన ఇప్పుడు లేడు. ఆ స్త్రీలే తలా కొంచెం వేసుకుని ఐదు వేలూ తెచ్చారు. గాంధీగారు వచ్చి మాట్లాడారు. ఆయన హిందీని తెలుగు చేసింది ఈ పిల్లే.

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర దుర్గాబాయి వాలంటీరు. టిక్కెట్టు లేనివాళ్ళని లోపలికి పంపకూడదని ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, ఆయన దగ్గర టిక్కెట్టు లేదు. ఆపేశారు. పెద్దలు పరుగున వచ్చి టిక్కెట్టు కొనిస్తేనే పంపారు. ఈ కథ అందరికీ తెలిసిందే కాబట్టి దీన్ని సాగదీయను. పద్నాలుగేళ్ళ పిల్లకి ఒక ద్వారం అప్పజెప్పారే, అది నాకు ముఖ్యం. మా ఊరి జాతరలో ఆడపిల్లకి ద్వారం అప్పజెప్పగా నేను చూడలేదు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహం. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మొదలైన పెద్దలతో కలిసి పనిచేసి అరెస్టయ్యారు. 1930కీ 1933కీ నడుమ మూడుసార్లు జైలు. మధుర జైల్లో ఒంటరి గదిలో పెట్టారు, ఆరోగ్యం బాగా చెడింది. అయితే ఆ జైళ్ళే ఆవిడ దారి మార్చాయి. అక్కడ హత్యానేరాల మీద శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్ళు ఉండేవారు. చదువు రాదు. కోర్టులో ఏం జరిగిందో తెలియదు. చేసింది ఒకటి, ఒప్పుకున్నది మరొకటి. తన తరఫున మాట్లాడే మనిషి లేక, కాగితం మీద ఏముందో తెలియక లోపలికి వచ్చినవాళ్ళు. వాళ్ళని చూశాక, తాను న్యాయశాస్త్రం చదవాలని దుర్గాబాయిగారు నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆవిడకి మెట్రిక్యులేషన్ కూడా లేదు.

ఇంగ్లీషు బోధన మీద కోపంతో బడి మానేసిన మనిషి, ఇరవై ఏళ్ళు దాటాక మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలతో కుస్తీ పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్, తరువాత ఇంటర్మీడియట్ పూర్తిచేశారు. రాజనీతి శాస్త్రం చదవాలనుకుంటే, అది ఆడవాళ్ళ చదువు కాదని అక్కడ అడ్డం వచ్చింది. దాంతో వాల్తేరు వచ్చారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న ఘట్టం. అప్పటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు మహాపండితుడు, స్త్రీల చదువుకి విరోధి కాదు. అయినా సీటివ్వడానికి వెనకాడారు. కారణం, విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకి హాస్టల్ లేదు. హాస్టల్ ఎందుకు లేదంటే ఆడపిల్లలు లేరు. ఆడపిల్లలు ఎందుకు లేరంటే హాస్టల్ లేదు. గానుగెద్దు తిరిగినట్టు తిరిగే తర్కం ఇది. మా కబడ్డీ జట్టుకి చెప్పింది కూడా ఇదే కదా!

మనలో ఎవరమైనా అయితే ఏం చేస్తాం? అర్జీ రాస్తాం, రెండోసారి రాస్తాం, ఇంటికి పోతాం. దుర్గాబాయిగారు పత్రికల్లో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే తనకి తెలియజేయమని ఆ ప్రకటన. జవాబులొచ్చాయి. సుమారు పది మంది అమ్మాయిలు పోగయ్యారు. అందరూ కలిసి హాస్టల్‌గా ఏర్పడ్డారు. ఇక చోటు లేదనడానికి వీల్లేకపోయింది, సీట్లు ఇచ్చారు. 1939లో ఆవిడ బి.ఏ. ఆనర్స్‌తో బయటికొచ్చారు. ఆ పది మందిలో తక్కినవాళ్ళు ఎవరో, ఏ ఊళ్ళవాళ్ళో, తరువాత ఏమయ్యారో తెలుసుకోవాలని నాకు చాలా కోరిక. జీవిత చరిత్రల్లో పదో మనిషికి చోటుండదు.

తరువాత మద్రాసులో లా పూర్తిచేసి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఆవిడ స్థాపించిన ఆంధ్ర మహిళా సభ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1937లో మద్రాసు మైలాపూరులో చిన్న చిన్న ఆడపిల్లల్ని పోగుచేసి ఒక సంఘం పెట్టారు. దాని పేరు లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్. మహిళా సభకి అదే విత్తు. పిల్లల వెనక తల్లులొచ్చారు. తల్లుల వెనక బాలవితంతువులు, భర్తలు వదిలేసినవాళ్ళు, మధ్యలో చదువు తెగినవాళ్ళు వచ్చారు. వాళ్ళకి రెండేళ్ళలో మెట్రిక్యులేషన్ గట్టెక్కేలా తరగతులు నడిపారు. తాను పెద్దవయసులో పడ్డ పాట్లు ఆవిడకి తెలుసు కదా, ఆ పాట్లనే పాఠ్యక్రమంగా మార్చారనుకుంటాను. చదువుతో పాటు చేతిపని, నర్సింగు వంటి శిక్షణలు కూడా చేర్చారు. ముప్ఫై ఏళ్ళ మనిషి పదేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోనక్కర్లేదు, ఏడేళ్ళు ఎదురుచూడనక్కర్లేదు. సూటిగా పరీక్ష, వెంటనే ఒక జీవనాధారం.

రాజ్యాంగ సభలో ఆవిడ సభ్యురాలు, అధ్యక్ష ఫలకంలో ఉన్న ఏకైక మహిళ. రాజ్యసభ సభ్యత్వానికి ముప్ఫై అయిదేళ్ళు అక్కర్లేదు, ముప్ఫై చాలని సవరణ తెచ్చింది ఆవిడే. 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ప్లానింగ్ కమిషన్‌లోకి తీసుకున్నారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరుగా పనిచేసిన చింతామణి దేశ్‌ముఖ్‌గారిని పెళ్ళి చేసుకున్నారు. ఒక సాక్షి నెహ్రూగారు. టిక్కెట్టు అడిగినవాళ్ళు ఏమీ అనలేదు కాబోలు!

అదే 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆవిడ తొలి అధ్యక్షురాలు. కొన్ని పల్లెల్ని ఒక్కటిగా కలిపి, అక్కడ బాలవాడి, ప్రసూతి సాయం, ఆడవాళ్ళకి చదువూ చేతిపనీ అందించే పథకాలు మొదలుపెట్టారు. ఆంధ్ర మహిళా సభలో చేసి చూసిన సంక్షిప్త విద్యాక్రమాన్ని 1958 నుంచి బోర్డు దేశమంతటా విస్తరించింది. ఆ ఏడే ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికీ ఆవిడే అధ్యక్షురాలు. 1959లో నివేదిక వచ్చింది. కుటుంబ వ్యవహారాలకి వేరే న్యాయస్థానాలు ఉండాలని కూడా ఎంతోకాలం చెబుతూ వచ్చారు. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది, ఆవిడ చూడలేదు.

ఒక సందేహం నిజాయితీగా చెప్పేస్తాను. ఆవిడ పేరు మీద ఎక్కడ చూసినా కుట్టుమిషన్లే కనిపిస్తాయని నేను విసుక్కునేదాన్ని. ఆడపిల్లకి కుట్టుపని తప్ప మరో గతి లేదా అని. మన ఉత్తరాంధ్రలో ఆడపిల్లల సత్తా ఎలాంటిదో లోకానికి తెలుసు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మా నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ పల్లె నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడల దాకా వెళ్ళింది. ఇలాంటి నేల మీద కుట్టుమిషనేమిటని నా వాదన. మా అప్పతో ఈ మాటంటే, అప్ప నవ్వలేదు. మిషను ఉంటే ఆ నాలుగు డబ్బులతో ప్రైవేటుగా పరీక్షకి కట్టేదాన్ని గదే, నార ఉతికితే చేతికి డబ్బు రాదు కదా అంది. ఆ తరువాత నేను ఆ వాదన ఎక్కడా చెయ్యలేదు.

ఈ ఏడు మన కళాశాలలో ఆడపిల్లల కబడ్డీ జట్టుకి పేర్లు అడిగితే అయిదుగురం తేలాం. కోర్టులో దిగడానికే ఏడుగురు కావాలి. జట్టు లేదు కాబట్టి పంపడం లేదని తేల్చే లోపల నేనూ నా రూమ్మేటూ కలిసి ఒక కాగితం మీద రాసి హాస్టల్ మెస్ తలుపుకి అంటించాం. ఎప్పుడైనా, ఎక్కడైనా, కల్లంలోనైనా సరే కబడ్డీ ఆడినవాళ్ళు ఫలానా గదికి రావాలని. మొదటి రోజు ఒక్కరూ రాలేదు. రెండో రోజు రాత్రి తలుపు కొట్టినమ్మాయి కెమిస్ట్రీ రికార్డు అడగడానికి వచ్చిందనుకున్నాను. కాదు. వారం తిరిగేసరికి పదకొండు మంది. వాళ్ళలో ముగ్గురి ఇళ్ళకి ఫోను చేసి అమ్మానాన్నలతో మాట్లాడాల్సి వచ్చింది. ఒకాయన ఎక్కడ పడుకుంటారమ్మా అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను కాబట్టి, గది కొలతలతో సహా చెప్పాను.

మొదటి మ్యాచిలోనే ఓడిపోయాం. బాగా ఓడిపోయాం. తిరిగి వచ్చేటప్పుడు రైలు చీపురుపల్లిలో రెండు నిమిషాలు ఆగింది. మా అప్ప తన కూతుర్ని ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీదకి వచ్చి, కిటికీలోంచి మా పదకొండు మందికీ వేయించిన వేరుశెనగ పొట్లం ఒకటి అందించింది. జట్టులో ఎవరు ఎవరో పేర్లు చెప్పమంది. పదో పేరు చెబుతుండగా రైలు కదిలింది.