హకీం అబూబక్ర్ రాజీ: వైద్యులకు అదబ్ నేర్పిన గురువు

స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. వైద్యుడు ఒక సాధనం మాత్రమే. అయితే ఆ సాధనం చేతిలో అల్లాహ్ పెట్టినవి మామూలు వస్తువులు కావు. మనిషి ప్రాణం, మానం, రహస్యం! ఈ మూడూ అమానతులే. వైద్యశాస్త్రం చదివినంత మాత్రాన అమానతును కాపాడే గుణం దానంతటదే రాదు. దాన్ని కూడా ఒకరు నేర్పాలి, ఒకరు నేర్చుకోవాలి. సుమారు పదకొండు వందల ఏళ్ళ క్రితమే ఈ సంగతి గ్రహించి, శిష్యులకు వైద్యంతోపాటు వైద్యుని నడవడిని కూడా నేర్పిన మహానుభావుడు అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ. ఆయన జీవితాన్ని పాఠకుల ముందు సంక్షిప్తంగా ఉంచుతున్నాము.

జననం, విద్య

రాజీ హిజ్రీ 251 (క్రీ.శ. 865)లో నేటి ఇరాన్ రాజధాని టెహ్రాన్ సమీపంలోని రయ్ నగరంలో జన్మించారు. ఆ ఊరి పేరుమీదనే ఆయనకు రాజీ అన్న పేరు వచ్చింది. ముందు తత్వశాస్త్రం, రసాయన విద్యల్లో కృషి చేసి, వయసు ముదిరాకే వైద్యం వైపు మళ్ళారని చరిత్రకారులు రాశారు. రయ్ ఆసుపత్రికి, ఆ తర్వాత బగ్దాద్ ఆసుపత్రికి ప్రధాన వైద్యులుగా పనిచేశారు. రయ్ పాలకుడు మన్సూర్ బిన్ ఇస్‌హాఖ్‌కు అంకితమిచ్చిన 'కితాబుల్ మన్సూరీ' తర్వాతి కాలంలో ఐరోపా విద్యాలయాల్లో కూడా పాఠ్యగ్రంథమైంది. మశూచి, తట్టు రెండూ వేర్వేరు జబ్బులని వివరిస్తూ ఆయన రాసిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

గురువు చుట్టూ వలయాలు

హిజ్రీ నాలుగో శతాబ్దపు గ్రంథకర్త ఇబ్నె నదీమ్ రాజీ కొలువును మన కళ్ళకు కట్టారు. గురువు మధ్యలో కూర్చునేవారు. ఆయన ఎదుట శిష్యులు, వారి తర్వాత ఆ శిష్యుల శిష్యులు, వారి తర్వాత మరికొందరు కూర్చునేవారు. వచ్చిన రోగి మొదట తనకు ఎదురైన వారికి బాధ చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరే, లేకపోతే లోపలి వరుసకు పంపేవారు. అక్కడా తేలకపోతే చివరికి రాజీ స్వయంగా మాట్లాడేవారు. నేడు బోధనాసుపత్రుల్లో హౌస్ సర్జను, పీజీ డాక్టరు, ప్రొఫెసరు అనే వరుస చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

కొంతకాలం క్రితం మా మస్జిదు నమాజీ ఒక పెద్దాయన వెంట మేము ఒక ఆసుపత్రికి వెళ్ళాము. ఆయన తన బాధను ముగ్గురు కుర్ర డాక్టర్లకు మూడుసార్లు చెప్పుకోవలసి వచ్చింది. మొదటి ఇద్దరూ కాగితం మీంచి తల ఎత్తలేదు. మూడో అమ్మాయి స్టూలు దగ్గరకు లాక్కుని, తాతగారూ అని పిలిచి, చెప్పేదంతా విన్నది. మందులు మారలేదు. కాని ఇంటికొచ్చాక ఆయన దుఆ చేసింది ఆ అమ్మాయికే. మూడుసార్లు అడగడం తప్పు కాదు. శిష్యులు నేర్చుకునేది అలాగే. రోగి తమకు పాఠ్యపుస్తకం కాదని, తమలాంటి మనిషేనని వారికి చెప్పే గురువు ఉన్నాడా లేడా అన్నదే ప్రశ్న.

శిష్యునికి రాసిన ఉత్తరం

రాజీ ఆ బాధ్యతను విస్మరించలేదు. కొలువులో చేరబోతున్న ఒక శిష్యునికి వైద్యుని గుణగణాల గురించి ప్రత్యేకంగా ఉత్తరం రాశారు. 'అఖ్లాఖుత్తబీబ్' పేరుతో అది నేటికీ లభిస్తోంది. రోగి కన్నతల్లిదండ్రులకు చెప్పని మాట కూడా వైద్యునికి చెబుతాడు కనుక ఆ రహస్యం బయటపడకూడదని అందులో బోధించారు. స్త్రీలకు వైద్యం చేసేటప్పుడు చూపును అదుపులో ఉంచుకోవాలన్నారు. ధనికుని పట్ల ఎంత శ్రద్ధ చూపుతారో పేదవాని పట్లా అంతే చూపాలన్నారు. జబ్బు నయమైతే తన గొప్పేనని విర్రవీగక అల్లాహ్‌పై భారం వేయాలన్నారు.

ఆయన చెప్పినదే చేశారు. పేదలకు తానే ఖర్చు పెట్టి సేవ చేసేవారని ఇబ్నె నదీమ్ సాక్ష్యమిచ్చారు. వైద్యుడు అందుబాటులో లేని సామాన్యుల కోసం ఒక పుస్తకమే రాశారు. గ్రీకు వైద్యుడు జాలీనూస్‌ను (గేలెన్) ఎంతో గౌరవిస్తూనే, ఆయన మాటల్లో తాను చూసినదానికి పొసగని వాటిని నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. గురువు పట్ల అదబ్ వేరు, రోగి ప్రాణంతో ముడిపడిన సత్యం వేరు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) బోధించారు. రాజీ మరణించిన కొన్నేళ్ళకే, క్రీ.శ. 931లో, బగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల రోగి చనిపోగా, ఖలీఫా ముఖ్తదిర్ నగర వైద్యులందరినీ పరీక్షించమని సినాన్ బిన్ సాబిత్‌ను ఆదేశించాడు.

ఒక సందేహం

ప్రవక్తల పరంపర విషయంలో రాజీకి ఆపాదించబడిన కొన్ని అభిప్రాయాలను ధర్మపండితులు తీవ్రంగా ఖండించారు. వాటిలో చాలావరకు ఆయన ప్రత్యర్థుల గ్రంథాల ద్వారానే మనకు చేరాయి. ఏది ఏమైనా, విశ్వాసాన్ని మనం ఖుర్ఆన్, సున్నతుల నుంచే తీసుకుంటాము. రాజీ నుంచి తీసుకునేది వైద్యవృత్తి అదబ్ మాత్రమే.

చివరి రోజులు

ఎడతెగని రాత పని వల్ల తన చూపు మందగించిందని, చేయి పట్టు తప్పిందని ఆయనే రాసుకున్నారు. చివరికి చూపు పూర్తిగా పోయింది. హిజ్రీ 313 (క్రీ.శ. 925)లో రయ్‌లోనే కన్నుమూశారు. జీవితమంతా రాసుకున్న రోగుల వివరాలు, టిప్పణాలను తర్వాత శిష్యులు కూర్చగా 'అల్ హావీ' అనే మహాగ్రంథం తయారైంది. 1279లో అది లాటిన్‌లోకి వెళ్ళింది. మనకు గర్వకారణమేమంటే, దాని అరబీ మూలాన్ని 1955 నుంచి వరుసగా 23 భాగాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థే!

మనకు పాఠం

2019 నుంచి మన దేశంలో ఎం.బి.బి.ఎస్. విద్యార్థులకు నైతికత, రోగితో మాట్లాడే తీరు పాఠాలయ్యాయి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలన్న నియమమూ వచ్చింది. ఇది సంతోషించదగ్గ విషయం. ఉద్దానం కిడ్నీ రోగి, పార్వతీపురం మన్యం నుంచి దిగివచ్చిన గిరిజన తల్లి, డాక్టరు ఎదుట నోరు విప్పడానికే జంకుతారు. వారితో ఎలా మాట్లాడాలో పుస్తకం కొంతే నేర్పుతుంది. మిగతాది గురువు నడవడిని చూసి నేర్చుకోవలసిందే. శ్రీకాకుళం, నెల్లిమర్ల, విశాఖ కళాశాలల్లో చదువుతున్న మన పిల్లలు, వారికి బోధిస్తున్న పెద్దలు రాజీ కొలువును ఒకసారి తలచుకోవాలని మనవి. పిల్లల్ని డాక్టర్లను చేయాలని తపించే తల్లిదండ్రులు కూడా సీటు కోసం చేసే దుఆలో మంచి నడవడి కోసం ఒక మాట చేర్చాలి.

అల్లాహ్ మన వైద్యులకు అమానతును కాపాడే భాగ్యాన్ని, మన రోగులకు సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.