గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (1863 ఆగస్టు 29 - 1940 జనవరి 22) తెలుగు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు, ఉపాధ్యాయుడు, సవర భాషా పరిశోధకుడు. చదువు చెప్పేవారి పనితనాన్ని, చదువుకునేవారి శక్తిని ఏ భాషలో తూచాలన్న ప్రశ్న ఈయన జీవితమంతటా కనిపిస్తుంది.

బాల్యం, ఉద్యోగం

ఈయన శ్రీముఖలింగ క్షేత్రం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించాడు. తండ్రి వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. తండ్రి మరణానంతరం విజయనగరంలో మేనమామ ఇంట ఉండి చదువుకున్నాడు. అక్కడ గురజాడ అప్పారావు ఈయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతంపై ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టా పొందాడు.

సవర పాఠశాలలు

పర్లాకిమిడి చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతోగాని ఒడియాతోగాని దానికి చుట్టరికం లేదు. మైదాన ప్రాంతపు భాషలో పాఠం చెప్పి, ఆ భాషలోనే జవాబు కోరితే సవర బాలుడు మందమతిగా కనబడక తప్పదు. ఆ లోపం బాలునిది కాదు, కొలతది. రామమూర్తి సవర భాష తెలిసినవారిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చాడు. అందులో వాచకాలు వ్రాశాడు. సొంత ఖర్చుతో పాఠశాలలు నెలకొల్పి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చాడు. కొండ గ్రామాలలో తిరుగుతూ మలేరియా బారినపడి, వాడిన క్వినైను వలన వినికిడి శక్తిని కోల్పోయాడు. ఈయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. తరువాత నిఘంటువు కూడా ప్రచురితమైంది.

బోధనపై వివాదం

ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా జె.ఏ.యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు. ఇంగ్లీషులో వాడుక భాషనే బోధించడం ఎరిగిన ఆయనకు, తెలుగు ఉపాధ్యాయులు ఎవరూ మాట్లాడని భాషను నేర్పడం విచిత్రంగా తోచింది. పండితుల దృష్టిలో ఆ బోధనే సమర్థతకు గుర్తు. ఒకే పనిని చూచి ఇన్స్పెక్టరు, పండితులు వేరువేరు తీర్పులిచ్చారు. ఎవరి తీర్పు వారు పెరిగిన సంప్రదాయం నుండి వచ్చినదే. యేట్స్ సందేహం పి.టి.శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, రామమూర్తిల కృషికి ప్రేరణ అయింది.

1911లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత రామమూర్తి తన కాలమంతా ఉద్యమానికే వినియోగించాడు. మద్రాసు ప్రభుత్వం స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసరచనకు ఆధునిక శైలిని మొదట అనుమతించింది. జయంతి రామయ్య పంతులు మొదలైన వారు ప్రతిఘటించగా అనుమతిని ఉపసంహరించింది. దానితో విద్యార్థి తన భాషలో ఎంత చక్కగా వ్రాసినా అది తప్పుగానే లెక్కకు వచ్చేది. 1919లో రామమూర్తి "తెలుగు" అనే పత్రికను నడిపాడు.

చివరి దశ

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా ఈయన రాజమండ్రికి తరలివచ్చాడు. కాలక్రమంలో పాఠ్యపుస్తకాలు, పత్రికలు వాడుక భాషను స్వీకరించాయి. ఈయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు.